వనపర్తి ఒకటి, వనపర్తి రెండు

ఆ బుధవారం పొద్దున ఏడు గంటలకు మొయినుద్దీన్ చేతిలో ఉన్న సరుకు ఇది: నాలుగు వందల కుర్చీలు, పదకొండు వంట డేగులు, రాత్రి వానకు తడిసి ముద్దయిన ఎర్ర షామియానా ఒకటి, ఆరు వందల నలభై నంబర్లున్న ఫోను ఒకటి, బావ ఒకడు. కుర్చీలు, డేగులు అక్కరకొచ్చేవే. షామియానా ఆరితే అక్కరకొస్తుంది. ఫోను ఒక రోజు వచ్చి ఒక రోజు రాదు. ఇక మిగిలినవాడి గురించే ఈ కథంతా.

గద్వాలలో కోట వెనక సందులో మొయినుద్దీన్‌ది టెంటు హౌసు. ముందు దుకాణం, వెనక ఇల్లు. పెండ్లికైనా, చావుకైనా, ఓట్ల మీటింగుకైనా అవే కుర్చీలు పోతాయి, అవే తిరిగొస్తాయి. ఇరవై రెండేళ్ల వ్యాపారంలో అతను పట్టుకున్న సూత్రం ఒక్కటే: పోయిన వస్తువు పోయినన్ని తిరిగి రావాలి. మనుషుల్ని కూడా ఆ కొలతతోనే చూసేవాడు. ఒక సలాం పోతే ఒక సలాం రావాలి. ఒకటి పోతే ముప్పై ఎనిమిది రావటం మాత్రం ఏ కొలతకూ అందలేదు.

ఆ ముప్పై ఎనిమిదీ పంపేవాడు యాసిన్. అక్క ఫరా మొగుడు, వనపర్తిలో చిన్న హోటలు నడుపుతాడు, ఇంట్లో అందరూ దుల్హాభాయ్ అని పిలుస్తారు. పొద్దున ఐదుకే మొదలుపెట్టేవాడు. రోజాపువ్వు మీద శుభోదయం. కాకరకాయ రసం తాగితే కళ్లద్దాలతో పని ఉండదని ఒక వీడియో. ఫ్రిజ్ నీళ్లు తాగితే గుండె ఆగుతుందని మరొకటి. ఆ రెండూ చూశావా లేదా అని అడుగుతూ నాలుగు నిమిషాల వాయిస్ మెసేజీ. పోయిన ఆదివారం బిజినేపల్లి రైతు వెంకటన్న, బిడ్డ పెండ్లికి ఏ రంగు పందిరి కావాలో ఫొటో పంపితే, అది యాసిన్ పంపిన కాకరకాయల కింద పడి రెండు రోజులు కనపడలేదు. వెంకటన్నకు కోపమొచ్చి ఇంకో టెంటు హౌసు చూసుకోబోయాడు. చివరికి, "బుధవారం పదింటికి నేనే వస్త, బట్ట కండ్లతోటి చూస్త, నచ్చితె నచ్చినట్టు" అన్నాడు. ఇక ఓపిక పట్టటం దండగనుకున్నాడు మొయినుద్దీన్.

అయితే యాసిన్‌ను తీసెయ్యటం చిన్న పని కాదు. ఏడేళ్ల కింద యాసిన్ తమ్ముడి వలీమా విందుకు మొయినుద్దీన్ పంపిన డేగులో బిర్యానీ అడుగంటింది. "డేగు చిల్లుది" అని యాసిన్ పందిట్లో అన్నాడు. "వంటోడు నిద్రపోయిండు" అని మొయినుద్దీన్ అదే పందిట్లో అన్నాడు. ఈ రెండు మాటలకు రెండిండ్ల మధ్య ఆరేళ్లు మాటల్లేవు. ఆ డేగు కూడా వనపర్తిలోనే ఉండిపోయింది. నిరుడు రంజాన్‌కు తల్లి కుల్సుమ్‌బీ ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చేతులు కలిపించింది.

"ఇంకొక్కపారి ఈ రెండిండ్లకు మాటలు తెగితె, నా మయ్యత్‌కు ఇద్దరూ రాకుండ్రి. మొయ్యనీకి నలుగురు మనుషులు దొరకకపోరు నాకు," అంది.

డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి తన చావును పందెం పెట్టి కుదిర్చిన రాజీ. డేగు సంగతి అడగటానికి ఆ తర్వాత మొయినుద్దీన్‌కు నోరు రాలేదు. ఇప్పుడు చేయబోయే పని యాసిన్‌కు తెలిసిందా, రాజీ పోతుంది. తల్లికి తెలిసిందా, తల్లి పోతుంది. కాబట్టి ఎవరికీ తెలియకుండా జరగాలి.

ఇంటర్ చదివే కూతురు ఆఫియా వాకిట్లో పళ్లు తోముకుంటోంది.

"ఆఫియా, ఒక మనిషి మన ఫోన్ల కనపడకుండ చేయాలంటే ఎట్లనే?"

"బ్లాక్ చేసుడా?" ఆఫియా నురుగు ఉమ్మేసింది. "ఏంది అబ్బా, ఇయ్యాల పొద్దుగాల సంది ఇంట్ల ఇదే పనైంది. నేనేమన్న కోచింగ్ సెంటర్ పెట్టిన్నా?"

ఈ మాటను మొయినుద్దీన్ తూకం వెయ్యలేదు. వేసి ఉంటే ఆ రోజు చాలా ఖర్చు తగ్గేది.

"అప్పులిస్తమని ఒకడు సతాయిస్తుండులే. అవతలోనికి తెలుస్తదా?"

"తెల్వనే తెల్వదు. నీ ఫొటో ఆనికి కనపడది, గంతే. మామూలు ఫోన్ గూడ రాకుండ చేయాలంటే ఇంకోపారి నొక్కాలె. చేస్తే ఒక్కపారి మోగి ఆగుతది."

"అంటే ఆనికి నొప్పి ఉండదు."

"నొప్పేంది అబ్బా, ఇంజక్షనా?"

ఎట్లా నొక్కాలో నేర్చుకుని అతను దుకాణంలోకి వచ్చి కూర్చున్నాడు. అతని ఫోనులో మనుషుల పేర్లు ఉండవు. గోనెసంచి మీద రంగుతో రాసినట్టు ఊరూ, పనీ ఉంటాయి. 'బిజినేపల్లి పెండ్లి', 'అయిజ కుర్చీలు', 'అమ్రాబాద్ అత్తగారు'. ఎవరితో ఎంత పనో ఒక్క చూపుకు తెలిసే పద్ధతి. యాసిన్ 'వనపర్తి 1'. అతను నొక్కాడు. 'వనపర్తి 2' అని ఇంకో నంబరుంది. మొదటి దాంట్లో నెట్టు అయిపోతే మిగిలిన కాకరకాయలు దీని నుంచి వచ్చేవి. అది యాసిన్ రెండో సిమ్మని మొయినుద్దీన్ నమ్మకం. దాన్నీ నొక్కాడు. చేతికి పని రుచి తగిలాక ఆగదు. యాసిన్ పెద్దగా ఉండి నడిపే చుట్టాలందరి 'ఖాందాన్' గ్రూపు నుంచి కూడా బయటికొచ్చాడు.

ఫోను చల్లబడింది. చెవిలో నుంచి దూది తీసినట్టనిపించింది అతనికి.

తర్వాతి పని షామియానా. ఎప్పుడైనా వెనక ఖాళీ జాగాలో ఆరేసేవాడు. ఆ రోజు అక్కడ మోకాలిలోతు నీళ్లు. వెంకటన్న వచ్చేసరికి బట్ట ఆరి ఉండాలి. ఇద్దరు పనివాళ్లను పెట్టి ఇంటి ముందే గుంజలు పాతించి ఎర్ర షామియానా పైకి కట్టించాడు. బురదపడ్డ నలభై కుర్చీలు కడిగించి, దాని పక్కన ఎండలో వరసగా వేయించాడు. రాత్రి కప్పు కారి తల్లి మంచం తడిసింది. దాన్ని కూడా బయట పెట్టించి, ఉతికిన తెల్ల దుప్పటి దాని మీదే పరిచాడు. నెత్తిన నీళ్లు కారుతుంటే తలకు దస్తీ కట్టుకున్నాడు. ఇంట్లో ఎవరూ లేరు. భార్య మూడు రోజుల కింద అమ్రాబాద్ పుట్టింటికి పోయింది. వాళ్ల ఇల్లు అడవి అంచున, గుట్ట ఎక్కితేనే ఫోను పలుకుతుంది. కుల్సుమ్‌బీని బీపీ గోలీల కోసం ఆఫియా స్కూటీ మీద దవాఖానకు తీసుకుపోయింది.

ఇరవై రెండేళ్లుగా టెంటు వేసేవాడికి టెంటు ఉత్త బట్టలాగే కనపడుతుంది. చూసేవాళ్లకు ఎట్లా కనపడుతుందో అతనికి తట్టలేదు.

అదే సమయానికి వనపర్తిలో జరిగింది మొయినుద్దీన్‌కు మధ్యాహ్నానికి గానీ తెలియలేదు. మనం ఇప్పుడే చూసుకుంటే లెక్క సులువు. యాసిన్ తన రోజువారీ సరుకులో మిగిలింది పంపబోయి, ఫోనులో మొయినుద్దీన్ ఫొటో ఉన్నచోట ఖాళీ బొమ్మ చూశాడు. మామ, అంటే మొయినుద్దీన్ తండ్రి, చనిపోయిన ఏడాది అతను ఇట్లాగే నలభై రోజులు ఫొటో తీసేశాడు. ఆ సంగతి యాసిన్‌కు గుర్తుకొచ్చింది. ఫోను చేస్తే ఒక్కసారి మోగి ఆగింది. ఫరా ఫోను నుంచి చేసినా అంతే. అమ్రాబాద్‌కు చేస్తే పలకలేదు. మొయినుద్దీన్ ఖాందాన్ గ్రూపు వదిలి పోయాడని అప్పుడే కబురొచ్చింది. ఏమీ తోచక, మొయినుద్దీన్ ఇంటి ఎదురుగా జిరాక్స్ దుకాణం పెట్టుకున్న శేఖర్‌కు ఫోను కొట్టాడు.

"శేఖర్, జర మా మొయిను ఇంటి దిక్కు చూడు. ఏమన్న అయిందా?"

"టెంటు ఏస్తుండ్రన్నా."

"కుర్చీలు?"

"ఏసిండ్రు. నలభై ఉంటయి."

"మొయిను ఏం జేస్తుండు?"

"తలకు దస్తీ కట్టుకోని నిలబడ్డడు. ఎవరితోని మాట్లాడ్తలేడు."

"మంచం... మంచమేమన్న ఉన్నదా బయట?"

"ఉన్నదన్నా. తెల్లగుడ్డ పర్సిండ్రు."

యాసిన్ ఫోను పెట్టేసి పెద్దగా ఏడ్చాడు. ఆ ఇంట్లో చావు వయసున్నది ఒక్క కుల్సుమ్‌బీకే. చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు, తిండి చుట్టాలే తేవాలి. హోటలు పొయ్యి ఎట్లాగూ మండుతోంది. ఏడుస్తూనే ఖిచిడికి డేగు ఎక్కించమన్నాడు, చుట్టాలకు ఫోన్లు కొట్టాడు.

ఇక్కడ గద్వాలలో మొయినుద్దీన్ చూసింది ఇంతే: ఎదురుగా శేఖర్ తన దుకాణం షట్టరు సగం దించాడు. కాసేపటికి పిండిమర చెన్నయ్య దించాడు. తర్వాత దర్జీ దించాడు. సందంతా సగం కళ్లు మూసుకున్నట్టయింది. మొయినుద్దీన్ రోడ్డు దాటి పోయాడు.

"ఏంది శేఖర్, ఎవరన్న పోయిండ్రా?"

శేఖర్ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "భాయ్, గట్ల అడగకు. జర కూసో. నీళ్లు తాగు."

"నీళ్లెందుకు? నేను అడిగేది ఏందంటే..."

"ఏడ్వు భాయ్. లోపట పెట్టుకుంటే గుండెకు పడ్తది."

"నేనెందుకు ఏడుస్త?"

శేఖర్ చెన్నయ్య వైపు చూసి గొంతు తగ్గించాడు. "మనిషి మనిషిల లేడు."

"మా నాయిన పోయిన్నాడు నేను గూడ గిట్లనే," అన్నాడు చెన్నయ్య. "మర ఆన్ చేసి జొన్నలు పట్టిన. ఎవరి జొన్నలో గూడ తెల్వదు."

మొయినుద్దీన్ వెనక్కి వచ్చి ఆలోచించాడు. దుకాణాలు సగం మూశారు. గుసగుసలాడుతున్నారు. తనను చూసి జాలిపడుతున్నారు. వ్యాపారం చేసేవాడికి వీటన్నిటికీ ఒకటే అర్థం: పన్నుల వాళ్లు వస్తున్నారు, ముందు తన దుకాణానికే వస్తున్నారు. సందులో అందరికీ తెలిసింది, తనకే తెలియలేదు. గ్రూపులో ఉంటే ఈ కబురు దొరికేదేమో! పొద్దున తొందరపడ్డానేమో అనుకుంటూ తన షట్టరు కూడా సగం దించేశాడు.

అది చూసి, అప్పటిదాకా అనుమానంగా ఉన్న ఇద్దరు ముగ్గురు కూడా వచ్చి చెప్పులు విడిచి కుర్చీల్లో కూర్చున్నారు.

"ఎవరు మీరు? ఏం గావాలె?" అని అడిగాడు మొయినుద్దీన్.

"ఏమొద్దు భాయ్. ఉన్నమన్నట్టు," అన్నారు వాళ్లు.

పదింటికి బిజినేపల్లి వెంకటన్న వచ్చాడు. సందు మొదట్లోనే మోటారు సైకిలు ఆపి, శేఖర్‌తో రెండు మాటలు మాట్లాడి, తల వంచుకుని నడిచొచ్చాడు. మొయినుద్దీన్ ఎదురు పోయాడు.

"రా వెంకటన్నా, రా! బట్ట చూడు, ఎట్ల నిగనిగలాడుతుందో."

వెంకటన్న పైకి చూడలేదు. "ఇయ్యాల గవన్నీ ఎందుకు సేటూ."

"ఇయ్యాల గాకుంటే ఎప్పుడు? చెయ్యి పెట్టి చూడు, ఆరింది."

"నీ గుండె గట్టిది సేటూ." వెంకటన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వు అడిగినవు గనక చెప్తున్న, ఏమనుకోకు. ఈ బట్ట మాకొద్దు. ఇయ్యాల ఈడ కట్టినదాన్ని ఎల్లుండి మా పిల్ల పెండ్లికి కట్టిస్తే మా ఇంటిది ఊకుంటదా?"

"ఈడ కట్టి ఆరబెట్టకుంట తడిదే తెచ్చి కట్టాల్నా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుండగా సందులోకి ఒక ట్రాలీ ఆటో వచ్చింది. దాని వెనక రెండు జీపులు. ట్రాలీ మీద గుడ్డ కట్టిన డేగు. డేగును రెండు చేతులా పట్టుకుని, కళ్లు ఎర్రబడి, యాసిన్.

తెలిసిపోయింది! తెల్వనే తెల్వదని ఆఫియా చెప్పిందే! తెలియటమే కాదు, పంచాయితీకి ఖాందాన్ మొత్తాన్నీ వెంటబెట్టుకొచ్చాడు. జీపుల్లోంచి నాగర్‌కర్నూల్ చుట్టాలు కూడా దిగుతున్నారు. ఇద్దరు ముసలివాళ్లు అప్పుడే తలలు అటూ ఇటూ ఊపుతున్నారు. నిరుటి రాజీ, తల్లి పెట్టిన పందెం, ఆరేళ్ల మూతి ముడుపులు అన్నీ ఒక్కసారి అతని కళ్ల ముందు తిరిగాయి. తల్లి గోలీలు తీసుకుని తిరిగొచ్చేలోపే ఈ లెక్క తెగిపోవాలి. పరుగెత్తి పోయి యాసిన్ చేతులు పట్టుకున్నాడు.

"దుల్హాభాయ్, తప్పైంది. నాదే తప్పు. కోపంల చేసిన."

యాసిన్ ఏడుపు ఆగిపోయింది. "ఏం జేసినవ్?"

"నొక్కిన. ఒక్క వేలుతోనే. రెండుసార్లు."

"మొయినూ!"

"నొప్పి ఉండదు, తెల్వనే తెల్వదు అన్నది ఆఫియా. ఆమెనే నేర్పింది."

"ఆఫియా గూడనా!" అంటూ యాసిన్ దగ్గరున్న కుర్చీలో కూలబడ్డాడు. అది తడి కుర్చీ. ఆయన గమనించే స్థితిలో లేడు.

ఇంతలో ఫరా జీపు దిగి, ఎవరినీ చూడకుండా, తెల్ల దుప్పటి పరిచిన ఖాళీ మంచం మీద పడి గుండెలు బాదుకోసాగింది. "తీస్కపోయిండ్రా! మొహమన్న చూపియ్యకనే తీస్కపోయిండ్రా!"

సరిగ్గా అప్పుడే సందు మొదట్లో స్కూటీ ఆగింది.

కుల్సుమ్‌బీ గోలీల సంచి పట్టుకుని దిగింది. దిగినామెకు తన ఇంటి ముందు ఎర్ర షామియానా కనపడింది. కుర్చీల నిండా జనం, తెల్లగుడ్డ మంచం, దాని మీద పడి ఏడుస్తున్న కూతురు. ఇంట్లో తాను విడిచిపోయింది ఒక్క కొడుకునే. సంచి చేతిలోంచి జారింది.

"నా కొడుకో!" అని ఆమె పెట్టిన కేకకు సందు ఉలిక్కిపడింది. "ఊరందరికి టెంటు ఏసెటోడా! నీకెవరు ఏసిండ్రురా టెంటు!"

జనం పక్కకు జరిగి దారిచ్చారు. ఏడుస్తూ వచ్చే ఆడమనిషి మొహం ఎవరు చూస్తారు? ఫరా కూడా చూడలేదు. వచ్చిన మనిషి మెడను అట్లాగే కావలించుకుంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు.

"అమ్మీ పోయిందే!"

"నా కొడుకు పోయిండే!"

"నన్ను దిక్కులేనిదాన్ని చేసి పోయిందే!"

"గోలీలు తెచ్చేలోపట్నే పోయిండే!"

ఇది కాసేపు సాగింది. ముందు తేరుకున్నది కుల్సుమ్‌బీయే. పెద్ద ప్రాణం, ఏడుపులో కూడా మాట చెవిన పడుతుంది.

"ఏ అమ్మీనే?"

"మన అమ్మీ!"

"మన అమ్మీ అంటే నేనే గదనే."

ఫరా తలెత్తి చూసింది. ఆమె వేసిన కేకకు షామియానా గుంజ మీది కాకి లేచిపోయింది. నాగర్‌కర్నూల్ ముసలాయన ఒకడు తన కుర్చీని గబగబా రెండు వరసలు వెనక్కి జరుపుకున్నాడు. ఆ గందరగోళంలో జనాన్ని తోసుకుంటూ మొయినుద్దీన్ ముందుకొచ్చాడు.

"అమ్మీ, గోలీలు దొరికినయా?"

కొడుకు బతికున్నందుకు తల్లి అతన్ని కావలించుకుంది. తల్లి బతికున్నందుకు కూతురు తల్లిని కావలించుకుంది. తనకెందుకు ఈ కౌగిలింత దక్కిందో మొయినుద్దీన్‌కు ఏమీ అర్థం కాలేదు. తడి కుర్చీలోంచి యాసిన్ లేచి నిలబడ్డాడు.

"మరి ఫొటోలు?" అన్నాడు. "పొద్దుగాల చూస్తే అమ్మీ ఫొటో లేదు, మొయిను ఫొటో లేదు! రెండు ఒక్కపారే పోయినయి! ఇద్దరి ఫోన్లు మోగలే! ఎవరైనా ఏమనుకుంటరు?"

జనమంతా మొయినుద్దీన్ వైపు తిరిగారు. అతని వ్యాపారి బుర్ర అంత భయంలోనూ ఒక అంకె దగ్గర ఆగింది. తాను నొక్కింది తన ఫోనులో. మరి అమ్మీ ఫొటో ఎట్లా పోయింది? పొద్దుగాల సంది ఇంట్ల ఇదే పనైంది అన్న ఆఫియా మాట అప్పుడు గుర్తొచ్చింది. కూతురి వైపు చూశాడు. ఆఫియా స్కూటీ అద్దాన్ని చాలా శ్రద్ధగా తుడుస్తోంది.

కుల్సుమ్‌బీ కుర్చీ అడిగింది. "ఆరింది తెండ్రి," అంది. కూర్చుని, కొంగు సర్దుకుని, అల్లుణ్ని దగ్గరికి పిలిచింది.

"నేనే తీపిచ్చిన యాసిన్."

"మీరా అమ్మీ!"

"నేనే. బిడ్డా, రోజు పొద్దుగాల నాకు ఏం పంపుతవ్ నువ్వు?"

"ఆరోగ్యం సంగతులమ్మీ."

"ఎడమకాలు తిమ్మిరెక్కితె మూడు నెలలే అంటవ్. గోర్లు తెల్లవడితె ఆరు నెలలంటవ్. నమాజు చదువుకోని గోర్లు చూసుకుంట కూసుంటున్న. మొదలు బీపీ గోలీ ఒకటి ఉండె, ఇప్పుడు రెండైనయి. ఇయ్యాల నన్ను చంపనే చంపినవ్. పొద్దుగాల నీ నంబరు తీపియ్యకుంటే, రేపో ఎల్లుండో నిజంగనే పోదును."

ఎవరో కిసుక్కున నవ్వారు. యాసిన్ తల వంచుకున్నాడు. తర్వాత మెల్లగా మొయినుద్దీన్ వైపు తిరిగాడు. "మరి వీనిది? కోపంల నొక్కిన అన్నడు..."

ఏడేళ్ల కింద పందిట్లో కూడా సరిగ్గా ఇట్లాగే నిశ్శబ్దంగా ఉండిందని నాగర్‌కర్నూల్ ముసలాయనకు గుర్తొచ్చింది. మొయినుద్దీన్ నోరు తెరిచాడు.

"వానిది గూడ నేనే నొక్కుమన్న," అంది కుల్సుమ్‌బీ. "నాకు బందు చేసి వానికి ఇడిస్తే, వాడు తెచ్చి నాకే చూపిస్తడు గద. నొక్కనంటే తిట్టిన. ఆ కోపమే వానిది."

తల్లి కొడుకును ఒక చూపు చూసింది. మొయినుద్దీన్ తెరిచిన నోరు మూశాడు.

"అయితే నా నంబరెందుకు తీపిచ్చినవమ్మీ?" అంది ఫరా, ఇంకా వెక్కుతూ.

"నీ నంబరేంది?" అన్నాడు మొయినుద్దీన్. ఫరా చెప్పింది. అది వనపర్తి 2. అక్క నంబరు అతని దగ్గర ఏడాదిగా ఉంది, అక్కదని మాత్రం తెలియదు.

"అది నీదని మాకెట్ల తెలుస్తది బిడ్డా?" అంది కుల్సుమ్‌బీ. "ఆ ఫోన్ల ఏనాడన్న నువ్వు మాట్లాడినవా? ఎప్పుడు ఎత్తినా నీ మొగుడే."

ఫరా కళ్లు తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది. "విన్నరా? నా ఫోన్ నాకియ్యుండ్రి అని ఎన్నిపార్లు చెప్పిన? మా అమ్మ సచ్చిందో బతికిందో అడగనీకి గూడ నాకు ఫోన్ లేకపాయె!"

పంచాయితీకి వచ్చినట్టే జనం కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. అయితే ఈసారి నిలబడ్డవాడు యాసిన్. ఆయన జేబులోంచి ఫరా ఫోను తీసి ఫరా చేతిలో పెట్టాడు. అత్త కాళ్ల దగ్గర కూర్చుని, ఆమె చేతిని కళ్లకద్దుకున్నాడు.

"బతికున్నరు గద అమ్మీ. ఇంకేం గావాలె నాకు." ఇంతలో ఏదో గుర్తొచ్చి తలెత్తాడు. "మరి ఖిచిడి?"

"ఖిచిడిదేం తప్పు? వడ్డియ్యి."

నలభై కుర్చీల్లో కూర్చున్న నలభైమందికీ, నిలబడ్డ ఇంకో ముప్పైమందికీ వడ్డించారు. శేఖర్, చెన్నయ్య, దర్జీ షట్టర్లు పూర్తిగా ఎత్తి వచ్చి కూర్చున్నారు. డేగు దింపటానికి చెయ్యి వేసిన మొయినుద్దీన్ దాని చెవి కింద తన టెంటు హౌసు గుర్తు చూశాడు. పన్నెండో డేగు. అడుగున చిల్లు పడ్డచోట రాగి మాటు వేసి ఉంది. అతను యాసిన్‌ను చూశాడు, యాసిన్ అతన్ని చూశాడు. ఇద్దరూ చెరో చెవి పట్టి డేగు దింపారు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే మొయినుద్దీన్‌కు తెలిసింది. ఖిచిడి అడుగంటింది. యాసిన్ గరిటె పట్టుకుని తన మొహాన్నే చూస్తున్నాడు. చుట్టూ ఖాందాన్ అంతా నమలటం ఆపింది.

"మస్తుగున్నది దుల్హాభాయ్. ఇంకింత ఏయి," అన్నాడు మొయినుద్దీన్.

వెంకటన్న రెండుసార్లు వేయించుకుని, చెయ్యి కడుక్కుని, షామియానా చెంగు పట్టి చూశాడు. "ఈ బట్టనే కట్టియ్యి సేటూ," అన్నాడు.

"వద్దంటివి గద."

"అప్పుడు తెల్వదు గద. పోయిన మనిషి దీని కిందికే నడిచి వచ్చె. ఇంతకంటె మంచి శకునం మా పిల్లకు యాడ దొరుకుతది?"

జీపులు పోయాక, సాయంత్రం షామియానా మడతపెడుతుంటే కుల్సుమ్‌బీ వచ్చి మంచం మీద కూర్చుంది.

"ఎన్నింటికి నొక్కినవ్ నువ్వు?"

మొయినుద్దీన్ తల వంచుకున్నాడు. "ఏడింటికమ్మీ."

"నేను ఐదున్నరకే," అంది ఆమె. "అయితే నేను ఎవరి ముందట ఒప్పుకోవాల్నో చూసి ఒప్పుకున్న. నువ్వు మనిషి బండి దిగకముందే ఒప్పుకుంటివి. గట్ల చేస్తే బేరం నిలుస్తదారా?"

ఆ రాత్రి ఆఫియా అందరి నంబర్లూ తిరిగి ఎక్కించింది. మొయినుద్దీన్ ఫోనులో వనపర్తి 2 ను చెరిపి, అక్కను పిలిచే మాటతో 'ఆపా' అని రాసింది. అమ్మీ బతికి బయటపడ్డ సంతోషంలో యాసిన్ అమ్మీ క్షేమమని చెబుతూ 'అమ్మీ సలామత్' అని కొత్త గ్రూపు పెట్టి, ఆ రోజు ఖిచిడి తిన్నవాళ్లందర్నీ అందులో చేర్చాడు. జిరాక్స్ శేఖర్, పిండిమర చెన్నయ్య, బిజినేపల్లి వెంకటన్న కూడా ఉన్నారు. బయటికి పోవటానికి మొహం చెల్లకుండా మొయినుద్దీన్‌ను దానికి పెద్దను చేశాడు.

గురువారం పొద్దున దుకాణం తీసి అతను సరుకు చూసుకున్నాడు. కుర్చీలు నాలుగు వందలు, అన్నీ ఉన్నాయి. షామియానా ఒకటి, ఆరింది, పెండ్లికి కుదిరింది. డేగులు పదకొండు పోయి పన్నెండయ్యాయి. తల్లి ఒకతె, ఉన్నదున్నట్టే. అక్క ఒకతె, కొత్తగా వచ్చింది, నిన్న రాత్రి గంటసేపు తన ఫోనులో తానే మాట్లాడింది. చివరగా ఫోను తీసి చూశాడు. నిన్న తాను వద్దనుకున్నవి రోజుకు ముప్పై ఎనిమిది. ఇవాళ ఎనిమిదింటికే నూట నలభై ఉన్నాయి, అందులో గోర్ల గురించి తొమ్మిది.

ఒక్క రోజులో ఇంత పెరిగిన సరుకును ఇరవై రెండేళ్లలో అతను చూడలేదు.